నూనె తాగిన ఇనుము

జూన్ 12

ప్రదీప్ వెళ్లిపోయాడు. మంచిదే.

పొద్దున్నే టూల్ బాక్సు బండి వెనక కట్టుకుని భూపాలపల్లికి బయలుదేరాడు. అక్కడ బొగ్గు టిప్పర్లు బాగుచేసే గ్యారేజీలో పని దొరికిందట. ఎన్నాళ్ల నుంచి మాట్లాడుకుంటున్నాడో ఏమో, సొంత అక్కను, నాకు నిన్నటి దాకా చెప్పలేదు.

గొడవ దేని మీద వచ్చిందో ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. లేకపోతే నాలుగు రోజులయ్యాక నాకు అనుకూలంగా మార్చి చెప్పుకుంటాను. గొడవ మా షెడ్డుకు బాగుకొచ్చిన పాత జీపు మానిఫోల్డ్ మీద. ఇంజన్‌లోని మంటా పొగా అంతా ఆ పోత ఇనుప గొట్టాల్లోంచే సైలెన్సర్‌కు పోతుంది కాబట్టి, బండి మొత్తంలో ఎక్కువ కాలేది అదే. దానికి ఏ పూత వేయాలన్నదే మాట.

"హైదరాబాదు పంపుదమక్కా. సిరామిక్ కోటింగ్ చేయిద్దం," అన్నాడు.

"వాళ్లు ఇచ్చేసరికి పండుగ అయిపోతది. మన షెడ్డుల రంగు లేదా? నాయిన అన్ని లారీలకు ఏసిండు, నేను ఎయ్యలేనా?"

"లారీ బాడీ వేరు, గిది వేరు. గీ ఇనుము ఇన్నేండ్లు నూనె తాగి ఉన్నది. నీ రంగు ఆగది."

"నా రంగు సంగతి నాకు తెలుసు."

"నీకు నీ రంగు తప్ప ఇంకేం కనపడది," అన్నాడు. ఆ తర్వాతే భూపాలపల్లి మాట బయటపెట్టాడు.

ఇంజన్ లోపలి పనంతా వాడే చేసి మూసిపెట్టాడు. పైన బిగించాల్సినవన్నీ టార్పాలిన్ మీద పరిచి ఉన్నాయి. బిగించేవాడు లేడు. ఫరవాలేదు. బోల్టు తిప్పడం బ్రహ్మవిద్య కాదు.

జూన్ 15

జీపు మనుషులు గూడూరు నుంచి వచ్చారు. వాల్యా అన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. కుర్రతనంలో ఒక కలప కాంట్రాక్టరు దగ్గర ఈ జీపు మీదే డ్రైవింగ్ నేర్చుకున్నాడట. కాంట్రాక్టరు పోయాక కొడుకులు దాన్ని కొట్టంలో పడేస్తే, అడిగి తెచ్చుకున్నాడు. అందుకే ఇన్నాళ్లూ జీపు ఆయనదే అనుకున్నాను.

"బండి నాది చెల్లె. ఏ రంగైనా నన్నడుగు," అంది చాందీ అక్క, ఆయన భార్య. 

ఆమె నడుపుతుందట! మానుకోటలో పరీక్షకు పోయి లైసెన్సు కూడా తెచ్చుకుంది. కార్డు చూపించింది. ఫోటోలో ఎవరినో కొట్టబోతున్నట్టుంది.

"మీ ఆయన ఉండంగ నీకెందుకక్కా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"గీయన ఊరందర్ని తిప్పిండు. నన్నొక్కదాన్ని బస్టాండుల నిలవెట్టిండు. ఆ బస్సు నిండింది, ఎనక బస్సుకు రా అన్నడు, పెండ్లాన్ని!"

వాల్యా అన్న నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది.

తీజ్ పండుగ ఆఖరు రోజున తండా ఆడపిల్లలు తొమ్మిది రోజులు పెంచిన గోధుమ నారు బుట్టలు చెరువుకు తీసుకుపోతారు. ఈసారి ఆ పిల్లలనూ బుట్టలనూ చాందీ అక్క జీపులో తీసుకుపోతుందట. తండాలో మగవాళ్లు అప్పుడే పందేలు కాస్తున్నారు, జీపు కూడా బుట్టలతో పాటు చెరువులోకే పోతుందని.

ఆగస్టు మధ్యకల్లా ఇవ్వాలి. ఇస్తాను.

జూన్ 21

పూతల గురించి రాసుకుంటేనే తేలుతుంది.

ఇంజన్ బ్లాక్‌కు చిక్కు లేదు. నీళ్లు తిరుగుతాయి కాబట్టి మరీ కాలదు, మామూలు ఇంజన్ ఎనామిల్ చాలు. చాందీ అక్క ఎరుపు అడిగింది, ఎరుపే. ఇంజన్ పైమూతకు, అదే టాపెట్ కవర్‌కు, పౌడర్ కోటింగ్, మన ఓవెన్‌లోనే. మానిఫోల్డ్ ఒక్కటే తేలడం లేదు. పౌడర్ కరిగిపోతుంది. క్రోమ్ చేయిస్తే నెల తిరక్కుండా నీలం తిరుగుతుంది. వేడి ఆపే గుడ్డ చుడదామా అంటే, తడి పట్టి ఉంచి ఇనుమును తినేస్తుంది, పగిలినా పైకి కనపడదు. ఇక మిగిలింది సిలికాన్ కలిసిన హీట్ పెయింట్. ఎరుపు డబ్బా మీదా నలుపు డబ్బా మీదా ఆరు వందల డిగ్రీలని ఒకే రకంగా రాసి ఉంది.

డబ్బా మీద రాసింది నమ్మడం నాకు అలవాటు లేదు. పరీక్ష పెడతాను.

జూన్ 24

పాత సామాను కుప్పలో పగిలిన మానిఫోల్డ్ ముక్క దొరికింది. దాని మీద పక్కపక్కనే పూతలన్నీ వేసి, ఆరాక పోశాలు కాక కొలిమికి తీసుకుపోయాను. కాక నాగలి కర్రులు కొడుతూ, "ఏంది బిడ్డా, బతుకమ్మ చీర లెక్క అన్ని రంగులేసినవ్?" అన్నాడు.

కొలిమిలో పెట్టాం. పౌడర్ ముందే కారిపోయి పట్టకారుకు అంటుకుంది. కాక ఏమన్నాడో ఇక్కడ రాయను. ఎరుపు చాలాసేపు నిలబడింది. నేను గెలిచాననుకుంటుండగానే ఇటుక రంగుకు తిరిగి, ఆ తర్వాత కాఫీ రంగులోకి పోయింది. చల్లారాక గోరు పెడితే పొడి రాలింది. నలుపు మాత్రం ఇనుము ఎర్రగా కాలినా కదలలేదు, కాస్త బూడిద తిరిగిందంతే.

చాందీ అక్కకు ఫోన్ చేసి చెప్పాను, ఇంజన్ ఎరుపు, మానిఫోల్డ్ నలుపు అని.

"ఆగుతదా?"

"ఆగుతది."

"ఐతె నల్లగనే కానియ్యి. మొఖానికి కాటుక లెక్క ఉంటది."

ప్రదీప్ ఇది చూసి ఉండాల్సింది. 

జూలై 2

వాన. ప్రదీప్ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

జూలై 3

వాన.

జూలై 9

ఇవాళ ఎండ కొట్టింది. మానిఫోల్డ్‌ను ఇసుకతో బ్లాస్టింగ్ చేశాను. పాత తుప్పంతా పోయి వెండిలా తెల్లబడింది. థిన్నర్‌తో తుడిచాను. గుడ్డకు కొంచెం జిడ్డు అంటింది. మళ్లీ తుడిచాను, మళ్లీ అంటింది. మూడోసారి గుడ్డ వంక చూడలేదు.

పలుచగా ఒక పూత, ఆరాక మరొకటి. నా చేయి వణకలేదు. ఒక్క చుక్క కారలేదు. షెడ్డు గుమ్మంలో వేలాడదీస్తే దారిన పోయే టైర్ల షాపాయన కూడా ఆగి చూశాడు. ఇంత మంచి పని ఈ మధ్య నేనే చేయలేదు.

ప్రదీప్ లేకపోతే పని నడవదని ఎవరన్నారు?

జూలై 17

ఈరోజు జీపు స్టార్ట్ అయింది. అంతా బాగుంది.

జూలై 18

నిన్నటిది మళ్లీ రాస్తున్నాను.

వాల్యా అన్నా నేనూ కలిసి మానిఫోల్డ్, కార్బురేటర్, గొట్టాలు బిగించాం. చాందీ అక్క డ్రైవర్ సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంజన్ రెండు మూడుసార్లు దగ్గి అందుకుంది. ఆమె కొంగు నడుముకు చెక్కుకుని, స్టీరింగ్‌ను రెండు చేతులా పట్టుకుని, బండి కదలకపోయినా రోడ్డు వంక చూస్తున్నట్టు ముందుకే చూస్తూ కూర్చుంది.

కాసేపటికి మానిఫోల్డ్ మీద సన్నగా పొగ లేచింది. కొత్త పూతకు మొదట కొంచెం పొగ వస్తుందని డబ్బా మీద రాసే ఉంటుంది కాబట్టి, "గది మామూలే," అన్నాను. పొగ దట్టమయింది. నల్లటి పూత మీద బొబ్బలు లేచాయి, చపాతీ పెనం మీద పొంగినట్టు. మధ్య గొట్టాల దగ్గర బొబ్బ పగిలి, లోపలి నుంచి నూనె చెమటలా ఊరి ఆ వేడికి భగ్గుమంది. గుప్పెడు మంట. తడి గోనెపట్టా వేసి ఆర్పేశాను. షెడ్డంతా పొగ.

వాల్యా అన్న తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"చూసినవా? గీ బండిల పోరగాండ్లను ఎక్కించుకోని పోతవా నువ్వు? ట్రాక్టర్ మాట్లాడుత. నేనే నడుపుత."

చాందీ అక్క జీపు దిగి బయటకు పోయి కళ్లు తుడుచుకుంది. పొగ వల్ల.

లేదు. పొగ వల్ల కాదు.

జూలై 19

ఆలోచించాను. పాత పెట్రోలు జీపు, ఎక్కడో లీకు ఉండి ఉంటుంది. మానిఫోల్డ్‌కూ ఇంజన్‌కూ మధ్య పెట్టే గాస్కెట్ సరిగ్గా పడలేదేమో. మంచి గాస్కెట్ కావాలి. ఇక్కడ జనగామలో దొరికేవి నాసిరకం.

రేపు భూపాలపల్లి పోయి వస్తాను. గాస్కెట్ కోసం.

జూలై 20

హనుమకొండలో కాటారం బస్సెక్కి భూపాలపల్లిలో దిగాను. గ్యారేజీ వెతకడం కష్టం కాలేదు. ఊరి బయట టిప్పర్లు వరసగా నిలబడి ఉన్నాయి, నేలా చెట్లూ అన్నీ నల్లగా. ఒక టిప్పర్ కింద నుంచి రెండు కాళ్లు బయటకు ఉన్నాయి. చెప్పులు చూసి గుర్తుపట్టాను, నేను కొనిచ్చినవే.

"ప్రదీప్ మేస్త్రీ, ఎవరో అక్క ఒచ్చింది," అని ఒక డ్రైవర్ కేకేశాడు.

మేస్త్రి! మా షెడ్డులో వాడిని ఎవరూ అలా పిలవలేదు.

వాడు బయటకు వచ్చి నా వంక చూసి, చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"గాస్కెట్ కోసం వచ్చిన," అన్నాను.

"గాస్కెట్ కోసం ఇంత దూరమా? జనగామల దొరకదా?"

"దొరుకుతది. మంచిది దొరకది."

వాడు నా మొఖంలోకి చూశాడు. తర్వాత, "బొబ్బలొచ్చినయా?" అన్నాడు.

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"నీ మొఖం చెప్పవట్టె."

ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చోబెట్టి మిర్చీలు తెప్పించాడు. మంట లేచిన సంగతి చెప్పాను. వాల్యా అన్న తాళం జేబులో వేసుకున్న సంగతీ చెప్పాను. వాడు నవ్వలేదు. తను చెప్పిందే నిజమైందని కూడా అనలేదు. అని ఉంటే తిట్టి బస్సెక్కేదాన్ని.

"లీకు లేదక్కా. పోత ఇనుముకు సన్న సన్న రంధ్రాలుంటయి. ఏండ్ల తరబడి నూనె ఇంకింది. నువ్వు పైపైన కడిగినవ్. ముందు ఉత్తగనే కాల్చాలె. పొగ ఆగిపోయేదాక కాల్చాలె. నిమ్మలంగ చల్లారాలె, లేకుంటె పగులుతది. అప్పుడు బ్లాస్టింగ్ కొట్టి, అదే రోజు రంగెయ్యి. తెల్లారనిస్తె వానకాలం గాలికే తుప్పు పడ్తది."

"సిరామిక్‌కు పంపాలె అనవా?"

"అదైనా ముందు కాల్చుడే. నీ నలుపు మంచిదే, నేను కాదనలే. కింద ఇనుము సంగతే చెప్పిన, నువ్వు ఇనలే."

మిర్చి తింటున్నాను కాబట్టి జవాబు చెప్పక్కర్లేకపోయింది. తర్వాత అడిగాను.

"వస్తవా?"

"రాను."

"ఎన్నటికీ రావా?"

"ఒక ఆదివారం వచ్చి అన్నీ బిగిస్త. మల్ల పోత." మిర్చీ తుంచుతూ అన్నాడు: "నాకు నీ మీద కోపం లేదక్కా. ఆడ నీ పక్కన ఎన్నేండ్లు నిలవడ్డా నేను ప్రవళిక తమ్మున్నే. బండి స్టార్ట్ కాకున్నా జనం నిన్నే అడుగుతరు, నువ్వే చెప్తవ్. నేను నోరు తెరిచేలోపల నువ్వు చెప్తవ్."

అదేం లేదు అనబోయాను. మళ్లీ వాడి కంటే ముందు నేనే మాట్లాడబోతున్నానని గమనించి నోరు మూసుకున్నాను.

అప్పుడే ఒక ముసలి డ్రైవర్ వచ్చి, గేర్‌బాక్సులో చప్పుడేదో వాడికి చెప్పాడు. వాడు తల వంచి పూర్తిగా విని, రెండు ప్రశ్నలు అడిగి, సాయంత్రానికి చూస్తానన్నాడు. ఆయన దండం పెట్టినంత పని చేసి వెళ్లాడు. వాడంత నెమ్మదిగా మాట్లాడగలడని నాకు తెలియదు.

తిరుగు బస్సులో పరకాల దాకా ఏమీ ఆలోచించలేదు. పరకాల దాటాక వాడన్న మాట తప్ప ఇంకేమీ ఆలోచించలేదు.

గాస్కెట్ తేవడం మరిచిపోయాను.

జూలై 21

వాల్యా అన్నకు ఫోన్ చేశాను. ట్రాక్టర్ మాట్లాడేశానన్నాడు.

"అన్నా, రంగు చెడింది నా చేతిల. బండి అక్క చేతిల చెడలే. నేను తప్పు జేస్తె ఆమెనెందుకు ఇంట్ల కూసోవెడ్తవ్?"

"చిన్న పోరిలు ఎక్కుతరు బిడ్డా. మంట చూసినంక నాకు గుండె ఒడిసిపట్టినట్టున్నది."

"నువ్వే దగ్గరుండి చూడు. మల్ల కాల్చి, మల్ల ఏసి, మల్ల స్టార్ట్ చేస్త. జెర్రంత పొగ లేసినా నేనే ట్రాక్టర్ ఎక్కుత."

అంతలో ఫోన్‌లో చాందీ అక్క గొంతు వినిపించింది. "ఏం కాల్చాల్నో కాల్చు చెల్లె. గీయనతోని నేను మాట్లాడుత."

ఎలా మాట్లాడిందో తెలియదు. సాయంత్రానికి ట్రాక్టర్ వద్దన్నారట.

జూలై 29

మబ్బు విడిచింది. పోశాలు కాక దగ్గర మానిఫోల్డ్ కాల్చాం. కాక బొగ్గులు వెడల్పుగా పరిచి, గాలి కొంచెం కొంచెంగా పెట్టి, అన్ని వైపులా ఒకేలా కాలేట్టు తిప్పుతూ ఉన్నాడు. మొదట నల్లటి పొగ, తర్వాత పసుపు పొగ. ఎంతకీ ఆగదు. ఇంత నూనె మీద నేను రంగు వేశానా అనిపించింది. ఏ కాలంనాటి నూనెనో, కంపుకు వీధిలో కుక్కలు కూడా పారిపోయాయి.

పొగ ఆగాక బూడిదలో పూడ్చి వచ్చాం.

జూలై 30

పొద్దున్నే బూడిదలోంచి తీశాం. పగులు లేదు. సుత్తితో మెల్లగా కొడితే గంటలా మోగింది. బ్లాస్టింగ్. తుడిస్తే గుడ్డ తెల్లగా వచ్చింది. ఈసారి గుడ్డను వెలుతురులోకి తీసుకుపోయి చూశాను, వాసన కూడా చూశాను. మధ్యాహ్నంలోపే రెండు పూతలు. ఓవెన్‌లో తక్కువ వేడి, చల్లార్చడం, మళ్లీ ఇంకొంచెం వేడి.

పోయినసారి కంటే అందంగా రాలేదు. ఒక మూల చిన్న చార కూడా ఉంది. అయినా ఇదే ఆగుతుంది.

ఆగస్టు 3

ప్రదీప్ వచ్చాడు. పొద్దున పది కాకముందే అంతా బిగించాడు. నేను పానాలు అందించాను. మధ్యలో ఒకసారి, ఆ బోల్టు అలా కాదు అనబోయి ఆగాను. వాడు చేసిందే సరైనది.

చాందీ అక్క స్టార్ట్ చేసింది. వాల్యా అన్న తడి గోనెపట్టా రెండు చేతులా పట్టుకుని బానెట్ పక్కన నిలబడ్డాడు. ముందు సన్నగా తెల్లటి పొగ వచ్చింది. ఆయన పట్టా ఎత్తాడు.

"ఆగన్నా," అన్నాడు ప్రదీప్, "గది రంగు పొగ. నూనె పొగ కాదు. పోతది."

పోయింది. ఆపి చల్లార్చాం, మళ్లీ తిప్పాం, మళ్లీ చల్లార్చాం, ఆఖరుకి ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపాం. నలుపు నలుపుగానే ఉంది, ఎరుపు ఎరుపుగానే. వాల్యా అన్న పట్టా కింద పెట్టి, జేబులోంచి చేతిగుడ్డ తీసి మెడ తుడుచుకున్నాడు.

"ఎట్లున్నది రంగు?" అని ప్రదీప్‌ను అడిగాను.

"ఆగింది."

చాలు.

సాయంత్రం వాడి మిగతా టూల్స్ కూడా తీసుకుపోయాడు. అన్నీ తుడిచి మూట కట్టి నేనే ఇచ్చాను. ఉండమని అడగలేదు. అడిగితే వాడు ఉండిపోయేవాడేమో. అందుకే అడగలేదు.

ఆగస్టు 17

ఇది గూడూరు తండాలో, వాల్యా అన్న ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను.

చాందీ అక్క నడిపింది. వెనక ఆడపిల్లలు, ఒళ్లో గోధుమ నారు బుట్టలు, పాటలు. వాళ్ల భాష నాకు రాదు. పాటలో రెండుసార్లు "జీపు" అని వినిపించింది. వాల్యా అన్న పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. చెరువు కట్ట మీద మగవాళ్లు పందేలు కాసుకుని నిలబడ్డారు. కట్ట దగ్గర దారి జారుడుగా ఉంది, పైగా మేకల మంద అడ్డం వచ్చింది. చాందీ అక్క బండి ఆపి, తల బయట పెట్టి మేకల కాపరిని వాళ్ల భాషలో గట్టిగా నాలుగు అనేసి, మళ్లీ మెల్లగా గేరు వేసి కట్ట ఎక్కించింది. జీపు చెరువులోకి పోలేదు. బుట్టలు మాత్రమే పోయాయి.

నేను బానెట్ ఎత్తి చూసుకున్నాను. బాగుంది.

పిల్లలు నీళ్ల దగ్గర ఉండగా చాందీ అక్క తాళం నా చేతిలో పెట్టింది.

"తిరిగి పోయేటప్పుడు నువ్వు నడుపు. నీ చెయ్యి పడ్డ బండి."

"నాకు రాదక్కా."

"ఏం రాదు?"

"నడపరాదు."

నిజమే. షెడ్డులో బండి లోపల పెట్టినా బయటకు తీసినా ప్రదీపే. వాడు పోయినప్పటి నుంచి టైర్ల షాపాయనను పిలుస్తున్నాను. నేను ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా.

"ఇన్ని బండ్లకు రంగేసినవ్!" అని చాందీ అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది. తర్వాత పిల్లలను వాల్యా అన్నతో నడిచి రమ్మని, నన్ను డ్రైవర్ సీట్లోకి తోసి, తను పక్కన కూర్చుంది.

క్లచ్చి వదిలాను. జీపు ఎగిరి ఆగిపోయింది. కట్ట మీద మగవాళ్లు గట్టిగా నవ్వారు.

"మల్ల."

మళ్లీ ఆగిపోయింది.

"మల్ల. క్లచ్చి మెల్లగ ఇడువు. వాళ్ల దిక్కు చూడకు, తొవ్వ దిక్కు చూడు."

నేను ఏదో చెప్పబోయాను. చెప్పకుండా విన్నాను. కాలు మెల్లగా వదిలాను. జీపు కదిలింది. కట్ట దిగి, మక్క చేల పక్క నుంచి మొదటి గేరులోనే, నడిచి వచ్చే పిల్లలు మమ్మల్ని దాటిపోతుండగా తండా దాకా వచ్చాం. చెమటకు జాకెట్టు తడిసిపోయింది.

రేపు రెండో గేరు నేర్పిస్తుందట. రేపు షెడ్డు తెరవను.